చేసినవాళ్ళే ముందెక్కాలి

జనవరి 9

బాబాయ్‌కి,

ఫోను చేయలేదని అలగకు. మనిద్దరం ఫోను పట్టుకుంటే మూడో మాటకే ఇల్లు ఎగిరిపోతోందనీ, ఇకనుంచి చెప్పుకోవాల్సిందేదో కాగితం మీద చెప్పుకోమనీ పిన్ని ఒట్టు పెట్టించుకుంది కదా. నిజానికి నాకూ అదే మేలు. ఇప్పుడు చెప్పబోయేది నీ ఎదురుగా చెప్తే సగంలోనే కత్తెర విసిరేస్తావు.

ఆ అద్దాల బిల్డింగు కంపెనీలో నేను చేరలేదు.

ఆగు, చింపెయ్యకు. పూర్తిగా చదువు.

కాలేజీవాళ్ళు ఆర్నెల్లు ఎక్కడైనా పనిచేసి రమ్మన్నారు కదా. నాకు దొరికినవి రెండు. ఒకటి, నువ్వు సెలూన్లో వచ్చినవాళ్ళందరికీ చాటింపు వేసిన అద్దాల బిల్డింగు. రెండోది, పాత లిఫ్టులు బాగుచేసే చిన్న షాపు. ఇక్కడ ఇచ్చేది అక్కడిచ్చేదాంట్లో మూడో వంతు కూడా ఉండదు. హాస్టలుకి కట్టగా మిగిలేది బస్సు టికెట్లకే సరి. అయినా ఇక్కడే చేరాను. నాకంటే ముందు అద్దాల బిల్డింగుకి వెళ్ళొచ్చిన సీనియరమ్మాయిని అడిగాను, అక్కడ ఏం చేశావని. మీటింగులకి బొమ్మలూ పట్టికలూ తయారుచేశానంది. మరి మిషన్లు? "అద్దంలోంచి చూశాను" అంది. బాబాయ్, నేను చిన్నప్పుడే నీ సెలూన్ కుర్చీ కింద దూరి బోల్టు విప్పేసి, మొహానికి నురగతో ఉన్న పెద్దమనిషిని వెల్లకిలా పడేసినదాన్ని. ఆ పేరే ఇప్పటికీ మోస్తున్నదాన్ని. అద్దంలోంచి చూసి ఊరుకోవడం నావల్ల అవుతుందా?

షాపు యజమానిని అందరూ పెద్దక్క అంటారు. ఆవిడే ఇంజనీరు, ఆవిడే మెకానిక్కు, టీ పెట్టేదీ ఆవిడే. వారం నుంచీ నన్ను గుంటలోకి దింపుతోంది. లిఫ్టు పెట్టె ఆగే చోటికి కింద ఒక గుంట ఉంటుందిలే. అందులో నూనె, మట్టి, జనం జారవిడిచిన తాళం చెవులు, చిల్లర, ఒక కట్టుడు పళ్ళసెట్టు కూడా. అంతా ఎత్తి పోశాను. గుంటలో నిలబడి పైకి చూస్తే లిఫ్టు కడుపు కనిపిస్తుంది. దాని కడుపు చూసినవాళ్ళకే దాని జబ్బు తెలుస్తుందంటుంది పెద్దక్క.

ఇక్కడో కట్టుబాటు ఉంది. బాగుచేసిన లిఫ్టుని జనానికి అప్పగించేముందు, చేసినవాళ్ళే ముందెక్కాలి. కిందనుంచి పైదాకా, పైనుంచి కిందిదాకా. పెద్దక్కకైనా మినహాయింపు లేదు. నాకది భలే నచ్చింది.

తిట్టినా సరే, జవాబు రాయి. పిన్నిని అడిగానని చెప్పు.

నీ బోల్టు

జనవరి 15

ఒసేయ్ బోల్టూ,

దీవెనలు. అవి మీ పిన్ని రాయమంది. ఇక నేను రాసేది.

నీ ఉత్తరం వచ్చేసరికి కరెంటాఫీసు గుమాస్తా నా కుర్చీలో ఉన్నాడు. వాళ్ళబ్బాయి నీ అద్దాల బిల్డింగు కంపెనీలోనే, వేరే ఊరి ఆఫీసులో చేరాడు కదా, ఆయనకి ఆరాటం. "ఏమంటోంది మీ అమ్మాయి? ఎలా ఉందట అక్కడ?" అన్నాడు. నేను గొంతు సర్దుకుని, "దివ్యంగా ఉందట, ఏసీకి చలేస్తోందట" అన్నాను. చూశావా, నీ పుణ్యమా అని పొద్దున్నే అబద్ధం.

గుంట ఊడ్చడానికా తల్లీ నిన్ను ఇంజనీరింగు చదివించింది? ఊడ్చేవాళ్ళని తక్కువ చేసి అనడం లేదు. రోజంతా నేల మీద జుట్టు ఊడ్చేవాణ్ణి నేను. ఊడిస్తే ఊడ్చినదానికి తగ్గట్టు ఇవ్వాలి కదా అంటాను. "పని నేర్పుతున్నాం" అనే మాట నాకు కొత్త కాదు. మా మేస్త్రి దగ్గర రెండేళ్ళు అన్నం తప్ప పైసా ఎరగను. "మరి నువ్వు నేర్చుకోలేదా బాబాయ్" అని ఎత్తిపొడుస్తావు, నాకు తెలుసు. నేర్చుకున్నాను. కానీ నాకు రెండో దారి లేదే! గతిలేక చేశాను. మా అన్నయ్య పోయి నువ్వు మా ఇంటికొచ్చిన రోజున, ఈ పిల్ల ఏ పనీ గతిలేక చేయకూడదని గట్టిగా అనుకున్నాను. అలాంటిది రెండు దారులుండి కూడా నువ్వు వెతుక్కుని మరీ నా దారిలోకే వచ్చావే. నాకెలా ఉంటుందో చెప్పు.

మేస్త్రి ఒక్క విషయంలో మాత్రం గొప్పవాడు. శిష్యుడు మొదటిసారి కత్తి పట్టిన రోజున తన గడ్డమే గీయించుకునేవాడు. నా చెయ్యి గజగజా వణుకుతోంది. ఆయన మెడ చాచి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పాపం, ఆయనకీ భయమేసినట్టుంది.

ఇక లిఫ్టుల ఊసు నా దగ్గర ఎత్తకు. తాడుకి వేలాడే పెట్టెలోకి మనిషన్నవాడు వెళ్తాడా? పళ్ళ డాక్టరు దగ్గరికి పై అంతస్తుదాకా మెట్లెక్కే వెళ్తాను. అక్కడికి చేరేసరికి పంటినొప్పి మర్చిపోయి గుండెదడ గురించి చెప్తానని ఆయన నవ్వుతాడు. నవ్వనీ.

కోపంగానే ఉన్నాను. అన్నం వేళకి తిను.

బాబాయి

జనవరి 29

కోపిష్టి బాబాయ్‌కి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది. రెండోసారి పళ్ళ డాక్టరు దగ్గర నవ్వొచ్చింది.

నువ్వన్నదాంట్లో సగం నిజం. అనుభవం అని పేరుపెట్టి ఊరికే చాకిరీ చేయించుకునేవాళ్ళు ఉన్నారు. మా క్లాసువాడొకడు ఎక్కడో ఫొటోకాపీలు తీస్తూ కూర్చున్నాడు. అందుకే పెద్దక్కని మొహం మీదే అడిగేశాను, ఎందుకండీ ఇంత తక్కువిస్తారు అని. ఆవిడేం కోప్పడలేదు. "ఇప్పుడు నువ్వు చేసే పనికంటే నీకు నేర్పడానికి మావాళ్ళు మానుకునే పని ఎక్కువ. అది తిరగబడిన రోజున నువ్వు అడగక్కర్లేదు, నేనే చెప్తాను" అంది. నాకది న్యాయంగానే తోచింది. నీకు తోచకపోవచ్చు.

ఇంకో సంగతి విను. మొన్న ఒక ఆఫీసులో కరెంటు పోయి, లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒక పెద్దాయన. "గాలి ఆడట్లేదు, గాలి ఆడట్లేదు" అని అరుపులు. పెద్దక్క నన్ను పైన మోటారు గదికి తీసుకెళ్ళి, బ్రేకు తను పట్టుకుని, చక్రం నా చేతికిచ్చింది. చేత్తో తిప్పుతూ అంగుళం అంగుళం దించాలి. తొందరపడితే ఆయన బెదిరిపోతాడు, ఆలస్యమైతే ఇంకా బెదిరిపోతాడు. దించాను బాబాయ్! తలుపు తీస్తే ఆయన చొక్కా తడిసి ముద్దయి ఉంది. నన్ను చూసి, "నువ్వేనా అమ్మా దించింది?" అన్నాడు. నేనే అన్నాను. ఆ "నేనే" అన్న మాట నా నోట్లో ఇంకా తియ్యగానే ఉంది.

కానీ నీ దగ్గర దాచడం దేనికి? మనసు ఊగుతోంది. బూటు అడుగు ఊడిపోతే గమ్ము పెట్టి అంటించాను. ఆదివారం హాస్టల్లో అందరూ సినిమాకి వెళ్తుంటే తలనొప్పని పడుకున్నాను. ఇంతలో అద్దాల బిల్డింగు నుంచి కబురు. అక్కడ ఎవరో మానేశారట, ఫిబ్రవరి ఆఖరులోపు వస్తే ఆ చోటు నాకే ఇస్తారట. వెళ్తే నెల తిరిగేసరికి నీకూ కొంత పంపగలను. వెళ్ళకపోతే ఈ చక్రం, ఈ నూనె, ఈ బూటు. ఏం చేయమంటావు? ఈసారి నిజంగానే అడుగుతున్నాను.

నీ బోల్టు

ఫిబ్రవరి 6

బోల్టుకి,

నీ ఇష్టం.

ఇదేమిటి, బాబాయి ఇంత మెత్తబడ్డాడు అనుకుంటున్నావా? మెత్తబడలేదు. పెద్దాయన్ని దించిన ముక్క సెలూన్లో పైకి చదివి వినిపించాను. ఒకసారి కాదు, కుర్చీలోకి కొత్త మనిషి వచ్చినప్పుడల్లా. గుమాస్తా ఉన్నప్పుడు మాత్రం ఆ లిఫ్టుని అద్దాల బిల్డింగులోకి మార్చేశాను. అక్కడా లిఫ్టులుంటాయిగా, తప్పేముంది?

బూటు సంగతి చదివిన పూట నాకు ముద్ద దిగలేదు. అది నువ్వు రాయకుండా ఉండాల్సింది. రాశావు కాబట్టి మంచిదే అయింది.

తొందరపడి ఏదీ తేల్చెయ్యకు. నెలాఖరుదాకా ఆగి చూడు. మంచిగా చేసే పనికి మంచి జీతం ఏనాటికైనా రాక తప్పదని నా మనసు చెప్తోంది. నా మనసు ఊరికే చెప్పదు. నీ కవరు మీద షాపు చిరునామా బాగా కనబడుతోంది, నీ దస్తూరీ కుదురుకుంది. ఊరికే అన్నాను.

మీ పిన్ని ఏం రాశావని తొంగి చూస్తోంది, ముగిస్తున్నాను.

బాబాయి

మార్చి 2

బాబాయ్! బాబాయ్!

నీ నోరు మంచి నోరు. జీతం పెరిగింది!

నిన్న సాయంత్రం పనివాళ్ళందరం చేతులు కడుక్కుంటుంటే పెద్దక్క వచ్చి నా చేతిలో కవరు పెట్టి, "ఈ నెలనుంచి నీకిది" అంది. అంతే. ఆవిడ ఒక మాటకి రెండో మాట చేర్చే మనిషి కాదు. బాత్రూములోకి వెళ్ళి చూసుకుంటే దాదాపు రెట్టింపు! అద్దాల బిల్డింగంత కాదు, అయితేనేం? ఇది నా పనికి వచ్చింది బాబాయ్. ఎవరి సిఫార్సూ లేదు, ఎవరి దయా లేదు. నా రెండు చేతులకి వచ్చింది. రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్ము.

నిజానికి కొన్ని రోజులుగా తిట్లు పడతాయేమోనని బిక్కుబిక్కుమంటూ ఉన్నాను. పదిహేను రోజుల కిందట మా సీనియరొకాయన ఒక లిఫ్టు పూర్తిచేశాడు. నేనూ చెయ్యి వేశాను కాబట్టి, చేసినవాళ్ళే ముందెక్కాలని నన్ను ఎక్కమన్నారు. ఖాళీ పెట్టె కిందికొచ్చి ఆగేటప్పుడు టక్కుమని ఏదో చిన్న చప్పుడు వినిపించింది. ఇంకెవరికీ వినపడలేదట. "నేనెక్కను" అనేశాను. అందరూ నావైపే చూశారు. బిల్డింగాయన నవ్వాడు కూడా. సిగ్గుతో చచ్చిపోయాను. మొత్తానికి ఆ పూటకి ఆపి, మర్నాడు వాళ్ళే మళ్ళీ విప్పి చూసుకున్నారు. నన్ను వేరే చోటికి పంపేశారు. పిరికిదాన్నని అనుకున్నారేమో అనుకున్నా. అనుకోలేదన్నమాట!

అద్దాల బిల్డింగువాళ్ళకి రానని రాసి పంపేశాను. గడువు చివరి రోజు. జీతం పెంచబోతున్నట్టు ఆ పొద్దునే షాపు లెక్కలాయన చెవిలో ఊదాడు. అది విన్నాకే ధైర్యం వచ్చింది. ఇక వెనక్కి చూడను. కొత్త బూట్లు కొన్నాను. పిన్నికి చేతిసంచీ పంపుతున్నాను, నీకు ఏమీ లేదు. నీకు ఈ ఉత్తరమే.

గర్వంతో,
నీ బోల్టు

మార్చి 7

తల్లీ,

ఈ ఉత్తరం మీ పిన్ని నా పక్కన కూర్చుని రాయిస్తోంది. నేను రాయకపోతే తనే రాస్తానంది.

నీ ఉత్తరం తనే పైకి చదివింది. "ఎవరి సిఫార్సూ లేదు" అన్నచోటికి వచ్చేసరికి నాకు పొలమారింది. ఇంత నీళ్ళు తాగి, ఇక దాచలేక చెప్పేశాను.

ఆ డబ్బు నాది.

నీ బూటు సంగతి చదివాక నాకు కాలు నిలవలేదు. సెలూన్‌కి కొత్త కుర్చీ కొందామని దాచింది కొంత ఉంటే, కవర్లో పెట్టి మీ పెద్దక్క పేరున పోస్టులో వేశాను. "అమ్మాయికి తెలియనివ్వకండి, మీకు ఒట్టు, దీన్ని తన జీతంలో కలిపి ఇవ్వండి" అని చీటీ పెట్టాను. నీకు నేరుగా పంపితే తీసుకోవు. తీసుకున్నా, బాబాయి డబ్బుతో బతుకుతున్నానని కుములుతావు. జీతంలో వస్తే తలెత్తుకుని తింటావని అనుకున్నాను. నేను చేసింది ఇదీ.

కానీ నువ్వు దాన్ని చూసుకుని అంత పెద్ద చోటు వదులుకుంటావని నా మట్టిబుర్రకి తట్టలేదే! నీ సంతోషాన్ని నేనే నకిలీ చేశాను. ఇప్పటికీ ఆలస్యం కాలేదనుకో, గుమాస్తాని వెంటబెట్టుకుని అద్దాల బిల్డింగుకి నేనే వెళ్తాను. బతిమాలుతాను, కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. ఒక్క మాట రాయి చాలు.

మీ పిన్ని నాతో మాట్లాడటం లేదు. రాయించడానికి తప్ప.

బాబాయి

మార్చి 11

బాబాయిగారికి,

మీ ఉత్తరం అందింది.

మీరు ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. ఆ చోటు వేరేవాళ్ళకి ఇచ్చేశారు.

మీరు నాకు డబ్బు పంపినందుకు కాదు నా బాధ. నా పనికి ఇంత విలువ ఉందని మొదటిసారి నమ్మాను. హాస్టల్లో అందరికీ చెప్పుకున్నాను. అది మీ కుర్చీ డబ్బని తెలిశాక పెద్దక్క మొహం ఎలా చూడాలో తెలియడం లేదు. ఆవిడ నా గురించి ఏమనుకుని ఉంటుంది? ఇంట్లోవాళ్ళ చేత జీతం ఇప్పించుకునే పిల్ల అనుకుని ఉండదూ?

కొత్త బూట్లు పెట్టెలో పెట్టేశాను. పాతవే వేసుకుంటున్నాను. రేపు ఆవిడ దగ్గరికి వెళ్ళి, ఇకమీదట నాకు మొదటి జీతమే ఇవ్వమని చెప్తాను.

మీరు ఆరోగ్యం చూసుకోండి.

ఇట్లు
మీ అన్నగారి అమ్మాయి

మార్చి 15

ఓ నా పిచ్చి బాబాయ్,

ముందు కూర్చో. చేతిలో కత్తి ఉంటే కింద పెట్టు.

పెద్దక్క దగ్గరికి వెళ్ళాను. మా బాబాయి పంపిన డబ్బు అంటూ ఏడుపు మొదలుపెట్టాను. ఆవిడ లేచి వెళ్ళి, పనిముట్ల అలమర పైఅర నుంచి ఒక కవరు తీసి నా ముందు పడేసింది. "ఇదేనా? హమ్మయ్య! ఇది ఎవరిదో తెలీక నెల నుంచీ నా ప్రాణం తీస్తోంది" అంది.

నీ కవరే. నీ నోట్లు నోట్లలాగే ఉన్నాయి. ఒక్కటి కూడా ముట్టుకోలేదు!

బాబాయ్, చీటీ కింద సంతకం "ఒక శ్రేయోభిలాషి" అని పెట్టావు. పేరు లేదు. పిన్ని కంటపడుతుందని కవరు వెనక చిరునామా రాయలేదు. పైగా నాకు చెప్పొద్దని ఆవిడకి ఒట్టు పెట్టావు. "ఒట్టు పెట్టాక నిన్ను అడగలేను. చిరునామా లేకపోతే తిప్పి పంపలేను. మీ ఇంట్లో ఇలాంటి తెలివితేటలు ఇంకెవరికైనా ఉన్నాయా?" అంది. ఆవిడ అంత పొడుగ్గా మాట్లాడటం, అంతలా నవ్వడం షాపులో ఎవరూ ఎరగరట.

మరి నా జీతం ఎందుకు పెంచారు అని అడిగాను. ఆ టక్కుమన్న చప్పుడుకట. మర్నాడు విప్పి చూస్తే బ్రేకు పట్టీని బిగించే బోల్టు సగం వదులై ఉందట. ఇంకో పది రోజులు జనం ఎక్కిదిగి ఉంటే ఊడిపోయేదట. సీనియరే వచ్చి చెప్పాడట, ఆ పిల్ల ఆ చప్పుడు వినకపోతే ఏమయ్యేదో అని. పెద్దక్క అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఎక్కమంటే ఎక్కేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు. ఎక్కనని చెప్పేవాళ్ళకే జీతం పెంచాలి."

బూట్లు మళ్ళీ వేసుకున్నాను. అద్దాల బిల్డింగు సంగతి నువ్వు బెంగపెట్టుకోకు. అక్కడి జీతం ఇప్పటికీ ఇక్కడికంటే ఎక్కువే. కానీ ఆ చప్పుడు నాకు అక్కడ వినబడేది కాదు. నీ డబ్బు పిన్ని పేరున పంపుతున్నాను, చిరునామాతో సహా. కుర్చీ కొనుక్కో. దాని బోల్టులు మాత్రం నేను వచ్చాకే బిగించాలి.

వచ్చాక అంటే గుర్తొచ్చింది. వచ్చే నెల మన ఊళ్ళోనే పని! నువ్వు ఆయాసపడుతూ మెట్లెక్కే పళ్ళ డాక్టరు బిల్డింగే. ఆ లిఫ్టు మొత్తం నా చేతికే ఇస్తానంది పెద్దక్క, మొదటినుంచి చివరిదాకా. అది పూర్తయిన రోజున నువ్వు రావాలి. నువ్వు ఎక్కాలి. ఇంకేమీ అడగను.

నీ బోల్టు
(నిన్ను మీరు అన్నందుకు మూడు రోజులు అన్నం సహించలేదు)

ఏప్రిల్ 24

మా బోల్టుకి,

మొన్న నువ్వు బస్సెక్కేటప్పుడు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నాకు కారణం తెలుసు. బిల్డింగు కింద పదిమంది చూస్తుండగా నువ్వూ మీ పెద్దక్కా ముందు ఎక్కి, పైకి వెళ్ళి దిగి వచ్చారు. తలుపు తీసి, "రా బాబాయ్" అని చెయ్యి చాపావు. నేను సెలూన్లో ఎవరో కూర్చుని ఉన్నారని చెప్పి వచ్చేశాను. ఎవరూ లేరు. ఖాళీ కుర్చీ ముందు నిలబడి, బోల్టు ఊడిన కత్తెరలాగా ఊరికే చేతులాడించాను. నీ మొహం వాడిపోవడం నేను చూడకపోలేదు.

ఈ పొద్దున్న సెలూన్ తెరవకుండా నేరుగా ఆ బిల్డింగుకే వెళ్ళాను. మెట్ల దగ్గర అలవాటుగా కాలు పడింది. వెనక్కి తీసుకున్నాను. అప్పుడే కరెంటాఫీసు గుమాస్తా బుగ్గ పట్టుకుని లిఫ్టు ముందు నిలబడి ఉన్నాడు, పన్ను పీకించుకోవడానికి. "నువ్వూ, లిఫ్టూనా?" అన్నాడు.

"ఇది మా అమ్మాయి చేసిన లిఫ్టు" అన్నాను.

"అద్దాల బిల్డింగువాళ్ళు ఇలాంటి పనులు కూడా చేయిస్తారా?"

ఇక అబద్ధమాడటం నావల్ల కాలేదే. అక్కడ చేరలేదని చెప్పాను. చిన్న షాపులో చేరిందని చెప్పాను. జీతం ఎంతని అడిగాడు. మొదట ఎంతిచ్చారో, ఇప్పుడు ఎంతిస్తున్నారో, ఉన్నదున్నట్టు, గట్టిగా, వాచ్‌మన్‌కి కూడా వినబడేలా చెప్పాను. గుమాస్తా నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మావాడికి ఇంతకంటే చాలా ఎక్కువే ఇస్తున్నారు, బాగానే ఉన్నాడు. కానీ ఇదిగో నేను చేసింది అని నాకు చూపించడానికి వాడి దగ్గర ఇంకా ఏమీ లేదయ్యా" అన్నాడు. వాళ్ళబ్బాయీ మంచివాడే, వాడికీ ఓ రోజు వస్తుందిలే అన్నాను.

తలుపు తెరుచుకుంది. ఎక్కాను.

తలుపు మూసుకోగానే కాళ్ళకింద నేల కదిలింది. నేను గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. గుమాస్తా, "భయమేస్తోందా?" అన్నాడు. లేదన్నాను. నిజంగానే లేదు. అప్పుడు మా మేస్త్రి గుర్తొచ్చాడు. నా వణికే చేతికి గొంతు అప్పగించి ఆయన కళ్ళు మూసుకుంటే, భయమేసి మూసుకున్నాడని ఇన్నేళ్ళూ అనుకున్నాను. భయపడినవాడు కళ్ళు తెరిచి కత్తినే చూస్తాడు కదే! నమ్మకం కుదిరాక ఇక చూసేదేముంది? నా మీద ఆయనకి అంత నమ్మకం ఉండేదని నాకు ఈ రోజే తెలిసింది. నీ లిఫ్టులో తెలిసింది.

చెవులు రిక్కించి విన్నాను. టక్కుమని ఎక్కడా చప్పుడు లేదు.

పై అంతస్తులో గుమాస్తా దిగిపోయాడు. నాకు పంటినొప్పి లేదు, డాక్టరుతో పని లేదు. మళ్ళీ కిందికి నొక్కాను. కింద ఒక తల్లీ కూతురూ ఎక్కారు, వాళ్ళతో పైకి వెళ్ళాను. దారిలో వాళ్ళకీ చెప్పాను. వాచ్‌మన్ చివరికి, "అయ్యా, మీకు ఏ అంతస్తు కావాలి?" అని అడిగాడు. మా అమ్మాయి చేసిన అంతస్తులన్నీ కావాలన్నాను.

ఇట్లు,
ఒక శ్రేయోభిలాషి
(ఈసారి పేరూ చిరునామా కవరు వెనక పెద్ద అక్షరాలతో రాశాను. మీ పిన్ని సరిచూసింది.)